సొరంగ తవ్వకంలోకి బ్యాటరీ టిప్పర్లు దింపే ముందు

బ్యాటరీ టిప్పరు పనికొస్తుందా లేదా అన్నది మొదట తేల్చేది సొరంగం వాలు. తవ్వకం ఎగువకు సాగుతుంటే లోడుబండి బయటికి దిగుతూ వస్తుంది కనుక, బ్రేకు వేసినప్పుడల్లా మోటారే జనరేటరుగా మారి కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. దిగువకు సాగే తవ్వకంలో లెక్క తిరగబడుతుంది. లోడుతో కలిపి 40 టన్నులున్న బండిని 100 మీటర్ల ఎత్తుకు చేర్చడానికే దాదాపు 11 యూనిట్లు ఖర్చవుతాయి. చక్రాల రాపిడి, మోటారు నష్టాలు దానికి అదనం, బురద నేల మీద ఆ అదనం చిన్నదేమీ కాదు. షిఫ్టుకు ఎన్ని ట్రిప్పులో ముందే లెక్కగట్టి, బ్లాస్టింగ్ పొగ తగ్గేదాకా బళ్లు ఎలాగూ ఆగే సమయాన్ని ఛార్జింగుకు కేటాయించాలి. డీజిల్ పొగ ఉండదన్న ధీమాతో గాలి సరఫరాను బాగా తగ్గించడం మాత్రం తగదు. పేలుడు వాయువులు, రాతి ధూళి అలాగే ఉంటాయి.

ఛార్జింగ్ స్థలం సొరంగం బయటే ఉండాలి. అయితే ముఖద్వారం దగ్గరి ఫ్యాను గాలిని పీల్చుకునే చోటికి అది దూరంగా ఉండాలన్న సంగతిని చాలామంది మరచిపోతారు. అక్కడ బండి అంటుకుంటే ఆ పొగను ఫ్యానే డక్టు (గాలిని లోపలికి చేర్చే పెద్ద గొట్టం) గుండా నేరుగా తవ్వకం చివర పనిచేసేవారి దగ్గరికి చేరవేస్తుంది.

లోపల మంట పుడితే అసలు చిక్కు పొగతోనే. సొరంగానికి ఒకటే దారి గనుక, మధ్యలో బండి కాలుతుంటే చివరనున్నవారు దానిని దాటి రాలేరు. డక్టు కాలిపోతే వారికి గాలీ అందదు. అందువల్ల తవ్వకం చివరకు దగ్గరగా ఆశ్రయ గది, ప్రతి మనిషికీ ఆక్సిజన్ ఇచ్చే శ్వాస పరికరం ఉండాలి. వడపోత మాస్కు సరిపోదు. ఫ్యాను ఆపాలా, నడపాలా అని ఎవరు నిర్ణయిస్తారో ముందే రాతపూర్వకంగా ఖరారు చేయాలి.

టైరుకో, హైడ్రాలిక్ గొట్టానికో అంటుకున్న మంటను అది బ్యాటరీకి పాకకముందే మంటలార్పే పౌడరుతో ఆర్పవచ్చు. బ్యాటరీలో ఒక సెల్లు వేడెక్కి పక్క సెల్లును వేడెక్కించడం మొదలైతే పౌడరు పనిచేయదు. ఎక్కువసేపు నీరు కొట్టి చల్లబరచడమే మార్గం, ఆ పని శిక్షణ పొందిన అగ్నిమాపక సిబ్బందిది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది గనుక దానిని ఎంచుకోవడం మేలే, కానీ అది వెలువరించే వాయువుల్లో హైడ్రోజన్ పాలు ఎక్కువ. మంట కనబడకుండా తెల్లటి పొగ మాత్రమే వస్తుంటే, ఆవిరేలే అనుకుని దగ్గరికి వెళ్లడమంత ప్రమాదం మరొకటి లేదు. అది విషం, మూసినచోట పోగైతే పేలుతుంది కూడా.

అడుగుభాగానికి రాయి తగిలిన బండిని, నడుస్తున్నా సరే, వెంటనే పని నుంచి తప్పించాలి. బ్యాటరీని, విద్యుత్ ఇన్సులేషనును పరీక్షించేవరకు దానిని బయట, ఇతర బళ్లకు కనీసం 15 మీటర్ల దూరంలో నిలపాలి. ఆరిపోయిందనుకున్న బ్యాటరీ గంటల తరువాత, ఒక్కోసారి రోజుల తరువాత కూడా మళ్లీ అంటుకుంటుంది గనుక, రాత్రి కాపలాకు కూడా మనిషిని నియమించాలి.