చెన్నై కాశిమేడు హార్బర్‌లో పడవ ఎక్కే ముందు: సముద్ర ప్రవాహాన్ని కొలిచే కరెంట్ మీటర్ దించేవాళ్లకు జాగ్రత్తలు

అన్నిటికంటే ముందు గడియారం. అడుగున పెట్టే ఏడీసీపీ (శబ్ద తరంగాలతో ప్రవాహాన్ని కొలిచే మీటర్) యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో, ఒడ్డు నుంచి ప్రవాహాన్ని కొలిచే రాడార్ మన టైమ్‌లో ఉంటే ఐదున్నర గంటల తేడా. మా జట్టు ఒకసారి రెండు రోజులు రాడార్‌నే తిట్టుకుంది, తప్పు మా లాప్‌టాప్‌దే!

కంపాస్ కాలిబ్రేషన్ కొత్త బ్యాటరీ వేసి, ఫ్రేమ్‌లో బిగించాకే చేయండి. స్పానర్లు, ఫోన్లు దూరంగా ఉండాలి.

మూత సందులోంచి నీళ్లు రాకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్‌ని చూస్తే చాలదు, వేలితో చుట్టూ తడమండి. ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు చాలు నీళ్లు లోపలికి పోవడానికి. గ్రీజు పల్చగా రాయాలి, దోసెకు నూనె రాసినట్టు.

గొలుసులు కలిపే షాకిల్ పిన్నులు, తుప్పు పట్టకుండా తగిలించే జింక్ ముక్కలు సరిచూడండి. శబ్ద సంకేతం పంపితే లంగరు వదిలే కొక్కెం, అకౌస్టిక్ రిలీజ్‌ను ఒడ్డునే ఒకసారి తెరిపించండి.

ట్రాలర్లకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ తర్వాత పరికరం వలలకు చిక్కుతుందేమోనన్న టెన్షన్ మొదలవుతుంది. దించే చోటు ఎక్కడో సరంగులకు (పడవ నడిపేవాళ్లకు) ముందే చెప్పండి, కాగితం మీద నోటీసు కంటే అదే పనిచేస్తుంది. అక్టోబర్ దాటితే వాన, ముసురు సరే, ప్రవాహం కూడా దక్షిణానికి తిరుగుతుంది.

రాడార్ చూసేది నీటి పైపొరే. శబ్ద కిరణాలు (బీమ్) నిలువు నుంచి 20 డిగ్రీలు వాలి ఉన్న ఏడీసీపీకి 50 మీటర్ల లోతులో పై 3 మీటర్లు నమ్మకం లేదు. పోల్చేటప్పుడు ఆ భాగం వదిలేయండి.