జీటీకే 4కి మారే ముందు థ్రెడ్ల లెక్క తేల్చుకోండి

ఏళ్లుగా జీటీకే 3 (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) మీద నడుస్తున్న డెస్క్‌టాప్ యాప్‌ను జీటీకే 4కి మార్చేటప్పుడు అందరి చూపూ ముందు బటన్లు, మెనూల మీదకే పోతుంది. సీ కోడ్‌లో వాటి సంగతి కంపైలరే అరిచి చెబుతుంది. థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు) అలా కాదు. మీ దగ్గర బుద్ధిగా నడిచి, వాడేవాళ్ల దగ్గర కూలతాయి.

పాత కోడ్‌లో జీడీకే_థ్రెడ్స్_ఎంటర్, జీడీకే_థ్రెడ్స్_లీవ్ అని ఒక తాళాల జత ఉంటుంది, ఒకసారికి ఒక థ్రెడ్డే జీటీకేని ముట్టుకునేలా చూడటానికి. 3.6లోనే వీటిని వాడొద్దన్నారు. 2020 డిసెంబరులో వచ్చిన 4.0లో మొత్తానికే తీసేశారు. కంపైల్ కావట్లేదని ఆ లైన్లు చెరిపేసి ఊరుకున్నారో, కొంప మునిగినట్టే: తాళం పోయింది, రెండో థ్రెడ్ మాత్రం విడ్జెట్లను (బటన్లు, బార్ల లాంటివాటిని) ముట్టుకుంటూనే ఉంది. పైథాన్ వాళ్లూ జీఐఎల్ (ఒకసారికి ఒకే థ్రెడ్ పైథాన్ కోడ్ నడిపేలా చూసే తాళం) ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు, అది జీటీకేని కాపాడదు.

కాబట్టి ఇంకా జీటీకే 3లో ఉండగానే ఈ థ్రెడ్ల పని ముగించండి. రెండు మార్పులూ ఒకేసారి పెట్టుకుంటే ఏది ఎక్కడ తెగిందో తేలదు. ఫొటోలు కుదించే థ్రెడ్ ప్రోగ్రెస్ బార్‌ను నేరుగా కదుపుతోందనుకోండి. ఆ కదిపే ముక్కను విడి ఫంక్షన్‌గా తీసి, జీ_ఐడిల్_యాడ్‌తో మెయిన్ థ్రెడ్‌కి (విండోను నడిపేదానికి) అప్పగించాలి. సీలో ఆ ఫంక్షన్ చివర జీ_సోర్స్_రిమూవ్ తిరిగివ్వడం మరిచిపోతే అదే పనిగా నడుస్తూ ప్రాసెసర్‌ను తినేయొచ్చు. ఫొటో ఫొటోకీ అప్పగించే బదులు, ఎన్ని అయ్యాయో లెక్క ఒకచోట దాచి (దానికి మీ సొంత తాళం, అంటే మ్యూటెక్స్, పెట్టుకోండి), మెయిన్ థ్రెడ్‌లో 100 మిల్లీసెకన్లకోసారి చదివితే హాయి. ఈలోగా ఎవరైనా విండో మూసేస్తే? అప్పగించిన ఫంక్షన్ వచ్చేసరికి బార్ ఉండదు. మూసేటప్పుడే జీక్యాన్సలబుల్‌ను (పని ఆపమని చెప్పే గుర్తు) రద్దు చేసి, ఫంక్షన్ మొదటి లైన్లోనే దాన్ని చూసుకోండి.

నన్నడిగితే అన్నిటికన్నా ప్రమాదం జీటీకే_డైలాగ్_రన్ పోవడమే. పాతదైతే జవాబు వచ్చేదాకా అక్కడే ఆగేది. ఇప్పుడు డైలాగ్ చూపించిన వెంటనే కింది లైను నడిచిపోతుంది. "ఫైల్ తొలగించాలా?" అని అడిగే చోట తొలగించే లైను కిందే వదిలేస్తే, వాడేవాళ్లు వద్దనేలోపే ఫైల్ ఎగిరిపోతుంది. ఆ లైన్లను రెస్పాన్స్ సిగ్నల్ (జవాబు రాగానే నడిచేది) లోపలికి తరలించండి. 4.10 నుంచి జీటీకే అలర్ట్‌డైలాగ్ ఉంది, కొత్తగా రాసేవాళ్లు దాన్నే వాడటం మేలు.

షో_ఆల్ లాంటివి పోవడం చిన్న విషయం, మైగ్రేషన్ గైడ్ చూస్తే సరిపోతుంది.

పరీక్షించేటప్పుడు జీ_డీబగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను ఫేటల్-క్రిటికల్స్ అని పెట్టి నడపండి. మొదటి క్రిటికల్ హెచ్చరిక దగ్గరే యాప్ ఆగిపోతుంది. అప్పుడు జీడీబీ డీబగ్గర్‌లో అన్ని థ్రెడ్ల బ్యాక్‌ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏదాన్ని పిలిచిందో చూపే జాబితా) తీయండి. మెయిన్ కాని థ్రెడ్‌లో జీటీకే పేరుతో మొదలయ్యే కాల్ కనిపిస్తే, ముందు సరిచేయాల్సింది అదే.