అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు: ఫారం నింపే ముందు పుట్టిన తేదీ కాగితాలు తేల్చుకోండి

అమెరికా పౌరసత్వం వచ్చిన పిల్లలు ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు తెప్పించుకోవడం నిజానికి కష్టమైన పని కాదు. కుటుంబ వీసాలన్నిటిలోకీ ఇదే దగ్గరి దారి. ఏటా ఇన్నే ఇస్తామన్న కోటా దీనికి లేదు, ఏళ్ల తరబడి వరుసలో నిలబడే బాధా లేదు. అయినా మనవాళ్ల ఫైళ్లు నెలల కొద్దీ ఆగిపోతుంటాయి. అవి ఆదాయం దగ్గరో ఇంటర్వ్యూ దగ్గరో ఆగడం తక్కువ, పుట్టిన తేదీ కాగితాల దగ్గర ఆగడమే ఎక్కువ. అందుకే మిగతా మెట్లు గబగబా దాటించి, అక్కడ మాత్రం మిమ్మల్ని కాసేపు నిలబెడతాను.

ఎవరు పెట్టవచ్చు, ఎంతవుతుంది

మీరు అమెరికా పౌరులై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవారు తల్లిదండ్రులకు పెట్టలేరు. ఐ-130 అంటే వారు మీ తల్లిదండ్రులని చూపి పెట్టే బంధుత్వ దరఖాస్తు. అది అమ్మకొకటి, నాన్నకొకటి వేరువేరుగా పెట్టాలి. ఆన్‌లైన్‌లో అయితే ఒక్కోదానికి 625 డాలర్లు, కాగితం మీద అయితే 675. ఇవి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన రుసుములు. కట్టేముందు యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలసల శాఖ) వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఆన్‌లైన్‌లోనే పెట్టండి. పోస్టులో పంపి కవరు చేరిందో లేదో అని ఎదురుచూసే కాలం పోయింది.

ఈ విభాగంలో ఒకరి ఫైలు మీద ఇంకొకరు రావడం ఉండదు. పెళ్లికాని తమ్ముడిని నాన్న ఫైలుకు తగిలిద్దామంటే కుదరదు. తోబుట్టువుల వరుస వేరే ఉంది, భారతీయులకు అది పదిహేనేళ్లు దాటిపోయింది. ఈ సంగతి అమ్మకు మొదటిరోజే చెప్పండి.

"టూరిస్టు వీసా మీద వచ్చేశాక ఇక్కడే పెట్టేస్తే పోలా?" అని ప్రతి పార్టీలోనూ ఎవరో ఒకరు అంటారు. ఇక్కడే స్థిరపడాలన్న ఉద్దేశంతో విమానం ఎక్కి, చూసి పోవడానికే వచ్చామని అధికారికి చెబితే అది అబద్ధం చెప్పి దేశంలోకి రావడమే అవుతుంది. అలా జరగకపోయినా, ఐ-485 (అమెరికాలో ఉండగానే గ్రీన్‌కార్డు అడిగే ఫారం) పెట్టాక ముందస్తు ప్రయాణ అనుమతి లేకుండా దేశం దాటితే ఆ దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. ఊళ్లో మేనకోడలి పెళ్లి అయినా, అన్నగారి కర్మ అయినా అమ్మానాన్నలు ఇక్కడే కూర్చోవాలి. పైగా ఆ ఫారం రుసుము ఒక్కొక్కరికి 1,440 డాలర్లు. పెద్దవాళ్లను వాళ్ల ఇంట్లో ఉండనిచ్చి, ముంబయి కాన్సులేట్‌లో వీసా తీసుకునే దారిలోనే తీసుకురండి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇక్కడ ఆగండి: పుట్టిన తేదీ కాగితాలు

ఇందులో రెండు వేర్వేరు సంగతులున్నాయి. చాలామంది వీటిని ఒకటిగా కలిపేసి చిక్కుల్లో పడతారు.

మొదటిది మీ సొంత జనన ధ్రువపత్రం. మీరు వారి బిడ్డ అని నిరూపించేది అదే, ఐ-130తోనే వెళ్తుంది. అమ్మ ఫైలుకు అందులో అమ్మ పేరుంటే చాలు. నాన్న ఫైలుకు ఇద్దరి పేర్లూ ఉండాలి, వారి పెళ్లి రుజువు కూడా జతచేయాలి. పాత మున్సిపల్ రిజిస్టర్లలో చాలామంది వివరాల దగ్గర పేరు గడి ఖాళీగా ఉంటుంది. పురుడు నమోదైన నాటికి నామకరణమే జరగలేదు మరి. అలాంటి పత్రాన్ని అలాగే పంపకండి, ముందు పేరు చేర్పించుకోండి. పుట్టిన ఏడాది దాటాక నమోదైన పత్రమైతే అదొక్కటే సరిపోదని అధికారులు అనుకునే అవకాశం ఎక్కువ. దానికి తోడుగా పదో తరగతి మెమో, బడి రికార్డు, అఫిడవిట్లు మొదటిసారే పెట్టేయండి. వాళ్లు అడిగాక పంపుదామనుకుంటే నెలలు పోతాయి.

రెండోది అమ్మానాన్నల జనన ధ్రువపత్రాలు. వీటిని తర్వాతి దశలో నేషనల్ వీసా సెంటర్ (ఇంటర్వ్యూకు ముందు కాగితాలు పరిశీలించే అమెరికా విదేశాంగ శాఖ కార్యాలయం) అడుగుతుంది. 1950ల్లో పల్లెలో, ఇంట్లో, మంత్రసాని చేతుల మీద పుట్టినవారికి ఇవి ఎక్కడి నుంచి వస్తాయి? జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో, అమలైంది 1970 ఏప్రిల్ 1 నుంచి. ఈ సంగతి అమెరికా విదేశాంగ శాఖకు మనకంటే బాగా తెలుసు. అందుకే రికార్డు లేనివారికి వేరే దారి పెట్టారు. నమోదు లేదని స్థానిక అధికారి ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, దానికి తోడు బడి రికార్డు, పుట్టుక తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు.

మన ఊళ్లలో సలహాదారులు మాత్రం ఆర్డీఓ ఉత్తర్వుతో ఆలస్యపు నమోదు చేయించి కొత్త సర్టిఫికెట్ తీయమంటారు. అది చట్టబద్ధమే, కాదనను. కానీ డెబ్బై ఏళ్ల మనిషి చేతిలో పోయిన నెల తేదీ వేసిన జనన పత్రం కనబడితే ఎవరైనా రెండోసారి చూస్తారు. ఆ ఉత్తర్వు ఇచ్చేది కూడా అవే బడి కాగితాలు, అవే అఫిడవిట్లు చూసి. మధ్యలో ఇంకో ఆఫీసు, ఇంకో గుమాస్తా, పేరులో తప్పు దొర్లడానికి ఇంకో చోటు. నా దగ్గరికి వచ్చినవారికి నాన్ అవైలబిలిటీయే తీయమంటాను.

దాన్ని తీసుకునేటప్పుడు కౌంటరు దగ్గరే నిలబడి చదవండి. పంచాయతీ, మున్సిపాలిటీ, తహసీల్దారు కార్యాలయం, ఏది ఇచ్చినా అందులో మనిషి పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, ఫలానా సంవత్సరపు రిజిస్టరు వెతికితే నమోదు కనబడలేదన్న మాట స్పష్టంగా ఉండాలి. "రికార్డు అందుబాటులో లేదు" అని ఒక్క వాక్యం రాసి ముద్ర గుద్దితే తీసుకోకండి. సంతకం కింద అధికారి పేరు, హోదా లేకపోయినా తీసుకోకండి. మళ్లీ అడగడానికి మొహమాటపడితే, ఆ మొహమాటానికి మీ నాన్నగారే మళ్లీ మండలం దాకా బస్సెక్కాల్సి వస్తుంది.

ఇక అఫిడవిట్లు. అందరూ పాడుచేసేది ఇక్కడే. కోర్టు ముందు టైపు మిషను దగ్గర ఒక నమూనా సిద్ధంగా ఉంటుంది. పేర్లు మార్చి రెండు కాపీలు కొట్టి, నోటరీ ముద్ర వేయించి ఇస్తారు. రెండింట్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకే మాటలు. సంతకం పెట్టినవారిలో ఒకరు పక్కింటాయన, వయసు 45. మీ అమ్మ 1954లో పుట్టిన సంగతి ఆయన కళ్లారా ఎలా చూశాడు?

సాక్షి మీ అమ్మ కంటే పెద్దవారై ఉండాలి. మీరూ అమ్మానాన్నలూ కాకుండా మూడో మనిషై ఉండాలి. అమ్మమ్మ బతికి ఉంటే ఆమెను మించిన సాక్షి లేదు. లేకపోతే అమ్మకు పెద్దమ్మో, మేనత్తో, పెదనాన్నో అయ్యేవారు. సాక్షి పూర్తి పేరు, చిరునామా, తాను పుట్టిన తేదీ, ఊరు, చుట్టరికం, ఆ పుట్టుక తనకు ఎలా తెలుసో, ఇవన్నీ ఉండాలి. ఆఖరిదే ప్రాణం. "నాకు తెలిసినంత మేరకు నిజం" అని ముగిస్తే అది ఎందుకూ కొరగాదు. "నేను ఆమెకు మేనత్తను. ఆమె పుట్టేనాటికి నాకు పదకొండేళ్లు. మా నాన్నగారి ఇంట్లోనే, వంటగది పక్క గదిలో పురుడు పోశారు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, బిడ్డను అదే రోజు చూశాను" అని రాయాలి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఇలాంటి సంగతులు బోలెడు చెబుతారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు తెలుగులో రాయించి, తర్వాత ఇంగ్లీషులోకి మార్పించండి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం ఉండాలి. అనువాదం పూర్తిగా, సరిగా ఉందనీ, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు సంతకం చేయాలి. ఇద్దరు సాక్షులకు రెండు వేర్వేరు పత్రాలు, ఎవరి మాటలు వారివి.

తేదీ గొడవ ఒకటుంది. బడిలో వేసేరోజు అయ్యవారు తోచిన తేదీ రాసుకున్న ఇళ్లు మనకు తక్కువేమీ కాదు. పాస్‌పోర్టులో ఒక తేదీ, పదో తరగతి మెమోలో ఇంకో తేదీ ఉంటే దాచడానికి చూడకండి. ఐ-130 పెట్టకముందే ఏది నిలబడుతుందో తేల్చి, అవసరమైతే పాస్‌పోర్టు సరిచేయించండి. పంపాక మార్చడం మొదలుపెడితే ప్రతి కాగితానికీ వివరణ రాసుకుంటూ కూర్చోవాలి.

పేర్ల సంగతీ అంతే. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, పాస్‌పోర్టులో విప్పి చివర వేస్తారు. అమ్మకు పుట్టింటి ఇంటిపేరు ఒకచోట, అత్తింటిది మరొకచోట. "సుబ్బలక్ష్మి" ఆధార్‌కు వచ్చేసరికి "సుబ్బ లక్ష్మి" అయి రెండు ముక్కలవుతుంది. అన్ని ఫారాల్లోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. మిగతా రూపాలన్నీ, ఒక్కటీ వదలకుండా, "ఇతర పేర్లు" గడిలో పెట్టండి. అన్నీ ఒకే మనిషివని ఒక అఫిడవిట్ జతచేయండి.

పెళ్లి రుజువు లేదని భయపడాల్సిన పని లేదు. యాభై ఏళ్ల కిందటి పెళ్లినైనా హిందూ వివాహ చట్టం కింద సబ్‌రిజిస్ట్రార్ దగ్గర ఇప్పుడు నమోదు చేయించుకోవచ్చు. శుభలేఖ, పాత ఫొటో దొరికితే వాటినీ కలపండి.

మిగతా మెట్లు

ఐ-130 ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. ఒక్కొక్కరికి వీసా రుసుము 325 డాలర్లు, ఆర్థిక హామీ పరిశీలనకు 120. డీఎస్-260 అనే వీసా దరఖాస్తును ఆన్‌లైన్‌లో నింపాలి. సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలా అని అడిగిన చోట అవునని పెట్టండి. తర్వాత మళ్లీ ఆ ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ఐ-864 అంటే మీ ఆర్థిక హామీ. మీ ఆదాయం అమెరికా ప్రభుత్వ పేదరిక రేఖకు కనీసం 125 శాతం ఉండాలి. కుటుంబ సంఖ్యలో మిమ్మల్నీ మీ భార్యనో భర్తనో మీ పిల్లల్నీ లెక్కించి, రాబోయేవారినీ కలుపుకోండి. సరిపోకపోతే ఇంకొకరు ఉమ్మడి హామీదారుగా ఉండవచ్చు. కానీ ఆయనతో సంతకం పెట్టించేముందు ఒక మాట చెప్పండి: వచ్చినవారు పౌరులయ్యేదాకా, లేదా 40 త్రైమాసికాల (దాదాపు పదేళ్ల) పని లెక్కకు చేరేదాకా ఆ హామీ కట్టిపడేస్తుంది.

పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు ఆఫీసు ద్వారా తీసుకోవాలి. స్కాన్లు రంగుల్లో, వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే రెండు వైపులా తీయండి. ఫోనుతో తీసిన వంకర ఫొటోలు వద్దు.

ఇంటర్వ్యూ ముంబయి కాన్సులేట్‌లో జరుగుతుంది. హైదరాబాద్‌లో ఈ తరహా వీసా ఇవ్వరు. అంతకుముందే కాన్సులేట్ ఆమోదించిన డాక్టరు దగ్గర వైద్య పరీక్ష చేయించుకోవాలి. మరీ ఆఖరి వారానికి పెట్టుకోకండి. ఎక్స్‌రేలో పాత క్షయ మచ్చ కనబడితే కఫం పరీక్షల ఫలితాలకు ఎనిమిది వారాల దాకా పట్టవచ్చు. ఇంటర్వ్యూలో అడిగేవి చిన్న ప్రశ్నలు: అబ్బాయి ఏ ఊళ్లో ఉంటాడు, ఏం చేస్తాడు, మనవలెందరు. నాన్నగారికి జవాబులు బట్టీ పట్టించకండి. ఒరిజినల్స్ అన్నీ ఒకే ఫోల్డరులో, అడిగే వరుసలో పెట్టిస్తే చాలు.

వీసా చేతికొచ్చాక, విమానం ఎక్కేముందే ఒక్కొక్కరికి 235 డాలర్ల ఇమిగ్రంట్ రుసుము ఆన్‌లైన్‌లో కట్టండి. అది కడితేనే కార్డు పంపుతారు. విమానాశ్రయంలో ముద్ర పడిన వీసాయే ఏడాదిపాటు గ్రీన్‌కార్డుగా చెల్లుతుంది. అసలు కార్డు పోస్టులో వస్తుంది. మీ ఇంటిపేరు, వారి ఇంటిపేరు వేరైతే పోస్టుమాన్ వెనక్కి పంపేయకుండా మెయిల్‌బాక్స్ లోపల వారి పేర్లు కూడా అంటించండి.