కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్-2: మూడింటికీ కలిపి ఎలా సిద్ధం కావాలి?

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే ఒక పుస్తకాల కట్ట, గ్రూప్-2 పడితే మరో కట్ట కొనేవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు. అంత ఖర్చు, అంత గాభరా అక్కర్లేదు. చరిత్ర, రాజ్యాంగం, భూగోళం, ఆర్థికం, వర్తమాన వ్యవహారాలు, రీజనింగ్ అన్నిటిలోనూ ఉంటాయి. తేడా ఎంత లోతుగా అడుగుతారన్న దగ్గర, పోలీసు ఉద్యోగాలకైతే మైదానం దగ్గర వస్తుంది. కాబట్టి ఉమ్మడి భాగాన్ని నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. పరుగు కూడా ఇప్పుడే మొదలుపెట్టండి. ప్రిలిమ్స్ (తొలి వడపోత రాతపరీక్ష) అయ్యాక చూద్దాంలే అని పరుగును వాయిదా వేయడం వల్ల జరిగే నష్టమే అన్నిటికంటే ఎక్కువ.

మొదట అర్హత, కాగితాలు

కానిస్టేబుల్‌కు ఇంటర్, ఎస్సైకి, గ్రూప్-2కు డిగ్రీ. ఎత్తు సాధారణంగా పురుషులకు 167.6 సెంటీమీటర్లు, మహిళలకు 152.5. కొన్ని ప్రాంతాల గిరిజన అభ్యర్థులకు సడలింపు ఉంటుంది. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, ఇంకొకరి చేత కొలిపించుకోండి. అంచున ఉన్నవాళ్లు సాయంత్రం కూడా కొలుచుకోవాలి, పొద్దున్నుంచి సాయంత్రానికి మనిషి ఎత్తు కాస్త తగ్గుతుంది.

తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల మధ్య ఎక్కడ ఎక్కువ కాలం చదివారో దాన్నిబట్టి మీ స్థానికత తేలుతుంది. ప్రైమరీ స్కూలు బోనఫైడ్లు (అక్కడ చదివినట్టు బడి ఇచ్చే ధ్రువపత్రాలు) ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. ఆ బడి మూతపడితే రికార్డు ఎక్కడుందో మండల విద్యాధికారి కార్యాలయంలో అడగాలి. దరఖాస్తుకు రెండు రోజుల ముందు ఈ తిరుగుడు పెట్టుకుంటే చదువు మూలపడుతుంది. కులం, నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ పత్రాలు ఏ తేదీ నాటివి చెల్లుతాయో నోటిఫికేషన్‌లోనే చూడాలి.

పుస్తకం కంటే ముందు పాత పేపర్

గత రెండు పరీక్షల పేపర్లు, ఫైనల్ కీలు (తుది జవాబుల పట్టికలు) సంపాదించండి. జవాబులు రాయొద్దు. ఒక్కో ప్రశ్న పక్కన అది ఏ అధ్యాయంలోనిదో పెన్సిల్‌తో రాసుకుంటూ వెళ్లండి. ఒక ఆదివారం పని ఇది. సాయంత్రానికి ఏది పదే పదే అడుగుతున్నారో, దేన్ని ముట్టుకోవడమే లేదో మీకే కనిపిస్తుంది.

పరీక్షల స్వరూపం కూడా తెలిసుండాలి. తెలంగాణ గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 చొప్పున 600 మార్కులు, నాలుగో పేపర్ మొత్తం తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం. ఆంధ్రప్రదేశ్‌లో 150 మార్కుల ప్రిలిమ్స్ దాటాక మెయిన్స్ రెండు పేపర్లు, 300 మార్కులు. ఎస్సై ప్రిలిమ్స్‌లో రెండు రాష్ట్రాల్లోనూ సగం అంకగణితం, రీజనింగే.

చదివే పద్ధతి: విడి బిట్లు కాదు, వరస

బిట్ల పుస్తకంతో మొదలుపెట్టడం నాకు అస్సలు నచ్చదు. సంవత్సరాలు గుర్తుంటాయి, ఎందుకు జరిగిందో తెలియదు. ప్రశ్నను కాస్త మార్చి అడిగితే చేతులెత్తేయాల్సి వస్తుంది. మీ బోనఫైడ్ పత్రాన్నే తీసుకోండి. స్థానికత అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందని వెనక్కి వెళ్తే సగం సిలబస్ తగులుతుంది.

ఉద్యోగాలు స్థానికులకే అన్న నిజాం కాలపు ముల్కీ నిబంధనలు, 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం, అందులోని రక్షణలు అమలు కాలేదన్న ఆగ్రహంతో 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు, దానికి వ్యతిరేకంగా కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం, 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన, అదే ఏడాది సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం. ఆ పథకాన్ని అమలు చేయడానికి 32వ రాజ్యాంగ సవరణ, దానితో వచ్చిన 371(డి) అధికరణ, దాని కింద 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు. ఆ ఉత్తర్వులకు విరుద్ధంగా జరిగిన నియామకాలను సరిదిద్దడానికి 1985 డిసెంబరు 30న 610 జీవో. ఇందులో చరిత్ర, రాజ్యాంగం, ఉద్యమం మూడూ ఉన్నాయి. గుంటూరు అభ్యర్థికీ, కరీంనగర్ అభ్యర్థికీ ఇది సమానంగా పనికొస్తుంది.

దీన్ని ఒకే పేజీలో రాసుకోండి: ఎడమవైపు సంవత్సరం, మధ్యలో ఏం జరిగింది, కుడివైపు దానివల్ల తర్వాత ఏమైంది. మర్నాడు పేజీ మూసి, చూడకుండా మళ్లీ రాయండి. ఖాళీగా మిగిలిన గడులే ఆరోజు చదవాల్సినవి. భూ సంస్కరణలు, నదీ జలాల వివాదాలు, పంచాయతీరాజ్ వ్యవస్థ కూడా ఇలాగే పేజీకొకటిగా వస్తాయి.

పుస్తకాలు తక్కువ చాలు. ఆరు నుంచి పది వరకు సాంఘికశాస్త్రం పాఠ్యపుస్తకాలు, తర్వాత తెలుగు అకాడమీవి, రోజూ ఒక దినపత్రిక. బడ్జెట్ సమయంలో ప్రభుత్వం విడుదల చేసే సామాజిక ఆర్థిక సర్వే గ్రూప్-2 రాసేవాళ్లకు తప్పనిసరి. అందులో పట్టికలన్నీ బట్టీ పట్టక్కర్లేదు, మీ రాష్ట్రం ఏ రంగంలో ముందుంది, ఎక్కడ వెనకబడింది, ఏ జిల్లా పరిస్థితేంటి అన్నది పట్టుకుంటే చాలు.

అంకగణితానికి రోజూ గంట. శాతాలు, నిష్పత్తి బాగా వస్తే లాభనష్టాలు, వడ్డీ, కాలం-పని సగం వచ్చినట్టే. ఆర్ట్స్ చదివినవాళ్లు భయపడి దీన్ని చివరికి నెట్టేస్తారు. దయచేసి అలా చేయకండి, రోజూ చేసినవాళ్లకు ఖాయంగా మార్కులిచ్చే భాగం ఇదే.

పరుగు

తెలంగాణలో 2022 నియామకాల్లో పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. పైగా లాంగ్ జంప్, షాట్‌పుట్ రెండూ గట్టెక్కాలి. ఆంధ్రప్రదేశ్ సివిల్ కానిస్టేబుల్‌కు 1600 మీటర్లే, పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు 10 నిమిషాల 30 సెకన్లు, దానితో పాటు 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్‌లలో ఏదో ఒకటి.

ఈ సమయాన్ని రౌండ్లలోకి మార్చుకోండి. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. 7:15కి రౌండుకు దాదాపు 1 నిమిషం 48 సెకన్లు, 8 నిమిషాలకైతే సరిగ్గా రెండు నిమిషాలు. మొదటి రౌండ్‌లో గుంపుతో పాటు దూసుకెళ్లి, మూడో రౌండ్‌లో ఊపిరందక ఆగిపోయేవాళ్లను ఈవెంట్లు (మైదానంలో పెట్టే దేహదారుఢ్య పరీక్షలు) జరిగిన ప్రతిసారీ చూస్తాం. ముందుకు పోయేవాళ్లను పోనివ్వండి, మీ రౌండు సమయం మీరు నిలబెట్టుకోండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వారానికి నాలుగు రోజులు చాలు. రెండు నిమిషాలు మెల్లగా పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఇరవై నిమిషాలు. వారం వారం నడక తగ్గించుకుంటూ, మాట్లాడగలిగేంత నిదానంగా ఇరవై అయిదు నిమిషాలు ఆగకుండా పరుగెత్తే స్థితికి రండి. అప్పుడు వారంలో ఒకరోజు 400 మీటర్లు లక్ష్య వేగంతో, మధ్యలో రెండేసి నిమిషాల నడకతో నాలుగు సార్లు. రెండు వారాలకోసారి పూర్తి దూరానికి టైమ్ చూసుకోండి. తారు రోడ్డు కంటే మట్టి నేల కాళ్లకు మంచిది. మోకాలి కింది ఎముక మీద ఒకేచోట నొక్కితే నొప్పి పుడుతుంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించాలి. నొప్పి బిళ్ల వేసుకుని పరుగెత్తొద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే సాధన మొదలుపెట్టక ముందే గుండె పరీక్ష చేయించుకోండి. ఈవెంట్లలో కుప్పకూలి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలున్నారు, ఏ ఉద్యోగమూ అంత విలువైనది కాదు.

షాట్‌పుట్ పురుషులకు 7.26 కిలోలు. చేతి బలంతో విసిరితే భుజం పట్టేస్తుంది. తోపు కాళ్ల నుంచి, నడుము నుంచి రావాలి. తెలిసిన పీఈటీ సారు (బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు) దగ్గర నాలుగు రోజులు నేర్చుకుంటే నెలల కష్టం తప్పుతుంది.

మధ్యలో ఆగిపోతే

ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2023 జనవరి 22న ప్రిలిమ్స్ జరిగితే, దేహదారుఢ్య పరీక్షలు 2024 డిసెంబరు చివర్లో గానీ మొదలు కాలేదు, తుది రాతపరీక్ష 2025 జూన్ 1న జరిగింది. తెలంగాణలో గ్రూప్-1 ప్రిలిమ్స్ రెండుసార్లు రద్దయి, 2024లో కొత్త నోటిఫికేషన్‌తో మళ్లీ మొదటికొచ్చింది. ఇందులో అభ్యర్థుల తప్పు ఏమీ లేదు, అయినా వయసూ డబ్బూ పోయింది వాళ్లవే. అందుకే ఒక్క పరీక్ష మీదే బతుకంతా పెట్టకుండా, ఉమ్మడి సిలబస్‌తో రెండు మూడింటికి సిద్ధంగా ఉండమంటున్నాను. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో గది అద్దె, మెస్ బిల్లు కట్టలేకపోతుంటే ఊరికి రావడం నామోషీ కాదు. చిన్న పని చేసుకుంటూ పొద్దున పరుగు, రాత్రి మూడు గంటల చదువు నిలబెట్టుకోవచ్చు. జిల్లా గ్రంథాలయం, ప్రభుత్వ బీసీ, ఎస్సీ స్టడీ సర్కిళ్ల ఉచిత శిక్షణ కోసం అడగండి. ఇంట్లోవాళ్లకు తేదీలు ఎందుకు జరుగుతున్నాయో విడమరిచి చెప్పండి.

పరీక్ష దగ్గరపడ్డాక

పోలీసు పరీక్షలో 200 ప్రశ్నలకు మూడు గంటలు, అంటే ప్రశ్నకు నిమిషం కూడా లేదు. చివరి రెండు నెలలు వారానికో మాక్ టెస్ట్ అసలైన ఓఎంఆర్ షీటు మీద, బబ్లింగ్‌తో (జవాబు గడులను పెన్నుతో నింపడంతో) సహా రాయండి. తప్పు జవాబుకు కోత ఉందో లేదో ముందే చూసుకోవాలి: ఆంధ్రప్రదేశ్ గ్రూప్-2లో మూడో వంతు మార్కు పోతుంది, తెలంగాణ గ్రూప్-2లో కోత లేదు. ఈ ఒక్క తేడాతో హాల్లో మీ నిర్ణయాలన్నీ మారతాయి.

వేలిముద్రలు తీసుకుంటారు కాబట్టి చేతులకు గోరింటాకు వద్దు. సెంటరు ముందురోజే వెళ్లి చూసుకోండి. నిమిషం ఆలస్యమైనా గేటు తీయరు. ప్రాథమిక కీ (మొదట విడుదల చేసే జవాబుల పట్టిక) వచ్చాక అందులో తప్పుందనిపిస్తే, పాఠ్యపుస్తకం పేజీ జతచేసి గడువులోగా అభ్యంతరం పంపండి. ఒక్క మార్కుకు వందలమంది ఉండే పరీక్షలివి. పోలీసు ప్రిలిమ్స్ రాసినవాళ్లు ఫలితం కోసం ఆగకుండా మర్నాడు పొద్దున్నే మైదానానికి వెళ్లాలి, ఈవెంట్ల తేదీ ఏ వారమైనా రావచ్చు.