సొంత భాషలో ఆపరేటర్ ఓవర్‌లోడింగ్‌కు రూపకల్పన

మీరు తయారు చేస్తున్న ప్రోగ్రామింగ్ భాషలో వెక్టర్లు, మాత్రికల వంటి టైపులను వాడుకరులే నిర్వచించుకోగలిగితే, వాటి మీద +, * గుర్తులు కూడా పనిచేయాలని వారు త్వరలోనే అడుగుతారు. ఉన్న గుర్తుకు ఇలా కొత్త టైపు మీద అర్థం ఇవ్వడమే ఆపరేటర్ ఓవర్‌లోడింగ్. ఏ గుర్తులకు కొత్త అర్థం ఇవ్వవచ్చో ముందే నిర్ణయించండి గాని, ఏ గుర్తు ముందు లెక్కకు వస్తుందనే ప్రాధాన్య క్రమాన్ని వారి చేతికి ఇవ్వకండి. హాస్కెల్, స్విఫ్ట్ భాషలు కొత్త గుర్తులతో పాటు వాటి ప్రాధాన్యాన్నీ ప్రకటించుకోనిస్తాయి. కోడ్ చదివేవారికి అది భారమని నా అభిప్రాయం. పైథాన్‌లో మాత్రికల గుణకారానికి @ గుర్తును 3.5 వెర్షన్‌లో భాషే చేర్చింది.

'మరియు', 'లేదా' గుర్తుల దగ్గర ఎక్కువసేపు ఆలోచించాలి. సీ ప్లస్ ప్లస్‌లో && గుర్తును ఓవర్‌లోడ్ చేస్తే అది మామూలు ఫంక్షన్ పిలుపుగా మారి, ఎడమ పక్క అబద్ధమైనా కుడి పక్కను లెక్కిస్తుంది. పైథాన్ ఆ అవకాశమే ఇవ్వలేదు; అందువల్ల సంఖ్యల వరుసలతో పనిచేసే పైథాన్ లైబ్రరీ నంపై & గుర్తును అరువు తెచ్చుకుంది. అయితే పోలికల కన్నా & ముందు కట్టుబడుతుంది కనుక, క > 0 & గ > 0 అని రాస్తే పైథాన్ దాన్ని క > (0 & గ) > 0 అని చదువుతుంది. బ్రాకెట్లు మరచి ఈ గోతిలో పడనివారు అరుదు. మీ భాషలో మూలకాల వారీ తర్కం (వరుసలోని ఒక్కో మూలకం మీద విడిగా 'మరియు', 'లేదా') అవసరమనిపిస్తే, పోలికల కన్నా తక్కువ ప్రాధాన్యం గల వేరే గుర్తును మొదటి రోజే కేటాయించండి.

తరువాతి ప్రశ్న, 2 * వెక్టర్ అన్నప్పుడు జవాబు చెప్పవలసింది ఎవరన్నది. పైథాన్ ముందు ఎడమవైపు ఉన్న పూర్ణాంకాన్ని అడుగుతుంది. అది 'నాకు చేతకాదు' అనే ప్రత్యేక విలువను తిరిగి ఇస్తే, కుడివైపు టైపులోని తిరగేసిన మెథడ్‌ను పిలుస్తుంది. ఎడమ మెథడ్ ఆ విలువ ఇవ్వకుండా ఎర్రర్ విసిరితే కుడివైపుకు అవకాశమే రాదు కనుక, ఈ తేడాను మీ డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణతో చూపండి. మీది స్టాటిక్ టైపుల భాష అయితే రస్ట్ పద్ధతి మేలు: టైపుల జతను బట్టి కంపైల్ సమయంలోనే అమలు (ఇంప్లిమెంటేషన్) ఎంపికవుతుంది, ఫలితం టైపును కూడా ఆ అమలే ప్రకటిస్తుంది.

!= గుర్తును విడిగా రాయించకండి; సీ ప్లస్ ప్లస్ 20 నుంచి కంపైలరే దాన్ని == నుంచి రాబడుతోంది. += నిర్వచించకపోతే + తో సరిపెట్టడం సులువే గాని, అది ఉన్న వస్తువునే మారుస్తుందా, కొత్తది సృష్టిస్తుందా అన్నది స్పష్టంగా రాయండి. పైథాన్‌లో ఒకే లిస్టుకు రెండు పేర్లుంటే, ఒక పేరు మీద చేసిన += రెండో పేరులోనూ కనిపిస్తుంది; మార్చడానికి వీల్లేని వరుస అయిన టపుల్ విషయంలో కనిపించదు.