ఈబీ-1ఏ పిటిషన్: క్రీడాకారులు ముందే చూసుకోవాల్సినవి

అసాధారణ ప్రతిభ ఉన్నవారికి అమెరికా గ్రీన్‌కార్డు ఇచ్చే విభాగం ఈబీ-1ఏ. దానికి పెట్టే ఐ-140 ఫారం పంపే ముందు ఒక్కరోజు ఆగి ఫైలంతా మళ్లీ చదవండి.

• ఒలింపిక్ మెడల్ స్థాయి అవార్డు లేకపోతే నిబంధనల్లోని 10 ప్రమాణాల్లో (అవార్డులు, మీ గురించి పత్రికల్లో వార్తలు వంటివి) కనీసం 3 చూపాలి. అంతటితో అయిపోదు, ఆపై ఇమిగ్రేషన్ అధికారి మొత్తం కెరీర్‌ను తూకం వేస్తారు.

• మెడల్ ఫొటో ఒక్కటే పెట్టకండి. ఎంతమంది పోటీపడ్డారు, ఎంపిక ఎలా జరిగింది, ఆ టోర్నీకి ఎంత పేరుంది అన్నది చూపే కాగితం పక్కనే ఉండాలి. నాకైతే ఫైలులో ప్రాణం ఇదే అనిపిస్తుంది.

• తెలుగు పేపర్ క్లిప్పింగ్‌లో తేదీ, శీర్షిక, రాసినవారి పేరు కనబడాలి. వార్త మీ గురించే ఉండాలి. పూర్తి ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ తప్పనిసరి.

• సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉందా? వివరణ జతచేయండి.

• అమెరికాలో కోచింగ్ చేయాలనుకుంటే లాయర్‌కు ముందే చెప్పండి. ఆటగాడిగా వచ్చిన పేరు కోచ్‌గా ప్రతిభకు రుజువు కాకపోవచ్చు.