పొందూరు ఖాదీ ఫోటోలా? కెమెరాని కంప్యూటర్‌కి కట్టండి

పొందూరు సన్నఖాదీ చీర ఫోటో కెమెరా వెనక మూడంగుళాల తెర మీద ఎప్పుడూ బాగానే ఉంటుంది. కంప్యూటర్‌లో పెద్దది చేశాకే అసలు సంగతి బయటపడుతుంది. నీళ్ల మీద నూనె తేలినట్టు కొంగంతా రంగురంగుల అలలు. దీన్ని మొయిరే అంటారు. నేత పోగుల వరస, కెమెరాలో బొమ్మని పట్టే సెన్సార్‌లోని పిక్సెళ్ల వరస దాదాపు ఒకే కొలతకి వస్తే పుడుతుంది. అప్పటికి చీర మడత పెట్టి పంపేసి ఉంటారు. కెమెరాని కేబుల్‌తో కంప్యూటర్‌కి కట్టి, క్లిక్‌మనగానే ఫోటో అందులో తెరుచుకునేలా చేస్తే ఈ తిప్పలు ఉండవు. టెదరింగ్ అంటే అదే.

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టనక్కర్లేదు. కానన్‌కి ఈఓఎస్ యుటిలిటీ, నికాన్‌కి ఎన్‌ఎక్స్ టెదర్, సోనీకి ఇమేజింగ్ ఎడ్జ్ డెస్క్‌టాప్ ఉచితంగానే దొరుకుతాయి. లైట్‌రూమ్ క్లాసిక్ ఉంటే ఫైల్ మెనూలోని టెదర్డ్ క్యాప్చర్ సరిపోతుంది. ఏది పెట్టుకున్నా, అది పనిచేసే కెమెరాల జాబితాలో మీ మోడల్ ఉందో లేదో ముందే చూడండి.

ఎక్కువమంది దెబ్బతినేది కేబుల్ దగ్గరే. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌లో డేటా తీగలు ఉండవు, దాంతో ఎంతసేపు గుచ్చినా కంప్యూటర్ కెమెరాని గుర్తుపట్టదు. పొడవు యూఎస్‌బీ 2కి 5 మీటర్లు, యూఎస్‌బీ 3కి 3 మీటర్లు దాటనివ్వొద్దు. ఇంకా దూరం కావాలంటే మధ్యలో సిగ్నల్‌ని బలపరిచే యాక్టివ్ కేబుల్ తీసుకోండి. మామూలు ఎక్స్‌టెన్షన్ ముక్కలు అతికిస్తే పదో ఫోటోకో ఇరవయ్యో ఫోటోకో లింకు తెగుతుంది. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు కాకుండా వెనక, మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి. సొంత కరెంటు లేని యూఎస్‌బీ హబ్‌లు (ఒక పోర్టుని పలు పోర్టులుగా చేసే పెట్టెలు) వద్దు.

కానన్ 1500డీ లాంటి కెమెరాలో ఉండేది చిన్న మినీ యూఎస్‌బీ సాకెట్. ఎవరి కాలైనా కేబుల్‌కి తగిలితే ఆ సాకెట్ ఊడుతుంది, రిపేరు లోపలి బోర్డు దాకా పోతుంది. కెమెరా దగ్గర జానెడు వదులు ఉంచి, కేబుల్‌ని ట్రైపాడ్ కాలికి వెల్క్రో పట్టీతో కట్టేయండి. లాగుడంతా ట్రైపాడ్ భరిస్తుంది.

ఇక వరస ఇది. కెమెరాలో వైఫై ఆపండి. చాలా కానన్ మోడళ్లలో వైఫై ఆన్‌లో ఉంటే యూఎస్‌బీ పనిచేయదు. ఆటో పవర్ ఆఫ్ తీసేయండి. సోనీ అయితే యూఎస్‌బీ కనెక్షన్‌ని పీసీ రిమోట్‌కి మార్చండి. కెమెరా ఆఫ్‌లో ఉండగా కేబుల్ పెట్టి, ఆ తర్వాత ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్ తెరవండి. ఫోటోలు కంప్యూటర్‌లోనూ కార్డులోనూ పడేలా పెట్టుకోండి. ఈదురుగాలి లేస్తే కరెంటు పోయే ఊళ్లలో ఇది ఐచ్ఛికం కాదు. బ్యాటరీ బదులు కెమెరాకి గోడ కరెంటు అందించే డమ్మీ బ్యాటరీ వాడుతుంటే, కంప్యూటర్‌తో పాటు దాని అడాప్టర్‌ని కూడా యూపీఎస్‌కే గుచ్చండి. 24 మెగాపిక్సెళ్ల రా ఫైల్ (సెన్సార్ పట్టింది పట్టినట్టు దాచే ఫైల్) 25-30 ఎంబీ ఉంటుంది. యూఎస్‌బీ 2 మీద అది రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది, కంగారుపడి మళ్లీ మళ్లీ నొక్కొద్దు.

స్ట్రోబ్ లైట్లతో (షట్టర్ నొక్కినప్పుడే వెలిగే స్టూడియో ఫ్లాష్‌లతో) తీస్తుంటే లైవ్ వ్యూ, అంటే తీయకముందు తెర మీద కదిలే దృశ్యం, నల్లగా కనిపిస్తుంది. ఫోటో ఎంత వెలుగుతో వస్తుందో ముందే చూపించే ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్ ఆపేస్తే సర్దుకుంటుంది.

రంగు విషయంలో ఒక హెచ్చరిక. సాఫ్ట్‌వేర్‌లో నొక్కిన చోటుని రంగులేనిదిగా తీసుకుని ఫోటో రంగులన్నీ సరిచేసే వైట్ బ్యాలెన్స్ డ్రాపర్‌ని చీర మీద పెట్టి నొక్కారో, బ్లీచ్ చేయని ఖాదీకి ఉన్న ఆ లేత గోధుమ ఛాయ చచ్చి, మిల్లు గుడ్డలా తెల్లగా మారిపోతుంది. చీర పక్కన, అదే లైటు కింద, గ్రే కార్డు (ఏ రంగు ఛాయా లేని బూడిద అట్ట) పెట్టి ఒక ఫోటో తీసి దాని మీద నొక్కండి. విండోస్‌లో రాత్రిపూట తెరని పచ్చగా చేసే నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. అది ఉంటే తెర మొత్తం పసుపే.

మొదటి ఫోటోని నూటికి నూరు శాతం జూమ్‌లో చూడండి. చిన్నగా చేసి చూసినప్పుడు మాత్రమే కనిపించే అలలు తెరవి, ఫోటోవి కావు. నూరు శాతంలోనూ ఉంటే కెమెరాని ఓ అడుగు ముందుకో వెనక్కో జరపండి, లేదా చీరని కొద్దిగా వాలుగా తిప్పండి. అప్పటికీ పోకపోతే లెన్స్ రంధ్రాన్ని (అపర్చర్‌ని) ఎఫ్/16కి చిన్నది చేయండి. పోగు కాస్త మెత్తబడుతుంది, అలలు తగ్గుతాయి.

కెమెరా ఉన్నట్టుండి కనిపించకుండా పోతే సెట్టింగులన్నీ తిరగేయకండి. ముందు కేబుల్ మార్చండి, తర్వాత పోర్టు మార్చండి. విండోస్ పవర్ ప్లాన్‌లో, వాడని పోర్టుని నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపండి. ఫోటోలు దించుకునే వేరే ప్రోగ్రామ్ ఏదైనా తెరిచి ఉంటే మూసేయండి. కెమెరా ఒకేసారి ఇద్దరి మాట వినదు. లైనక్స్‌లో ఫైల్ మేనేజర్ కెమెరాని మౌంట్ చేసేసుకుంటుంది (డ్రైవ్‌లా తన చేతిలోకి తీసుకుంటుంది), దాన్ని అన్‌మౌంట్ చేస్తేనే అక్కడ టెదరింగ్‌కి వాడే జీఫోటో2 ప్రోగ్రామ్‌కి దారి.

బొబ్బిలి వీణని పైనుంచి తీయాలన్నా ఇదే ఏర్పాటు. కెమెరా నెత్తి మీద ఉంటుంది, దాని తెర మీకు కనిపించదు. ఫోకస్, షట్టర్ రెండూ లాప్‌టాప్ నుంచే నడుస్తాయి. పైన కెమెరాకి మాత్రం వేరే తాడు కట్టి స్టాండుకి ముడేయండి. కింద ఉన్నది ఒకే పనసదుంగ నుంచి తొలిచిన వీణ.